రెండు లక్షల సైకిలా? – ఒక గుమాస్తా జవాబు

మన సంఘపు సంచికలలో సాధారణముగా చెన్నపురి తెలుగువారి ప్రాభవమును గూర్చియో, సంగీత సాహిత్యములను గూర్చియో, మన పూర్వులు కట్టించిన సత్రములను గూర్చియో వ్యాసములు వెలువడుచుండును. అట్టి పెద్ద విషయముల సరసన సైకిలును గూర్చి వ్రాయుటకు సాహసించితిని. పాఠక మహాశయులు మన్నింతురు గాక. నేను పండితుడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై, జార్జిటౌనులోని ఒక కార్యాలయమున ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తా ఉద్యోగము చేసి విరమించినవాడను. జమాఖర్చులు సరిచూచుట తప్ప నాకు వేరు విద్య రాదు. ఆ ఒక్క విద్యను నమ్ముకొనియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గడచిన ఉగాదినాడు పంచాంగ శ్రవణము ముగిసి, పచ్చడి పంచిపెట్టిన పిదప, పెద్దలము ఐదుగురము ఒకచోట కూర్చుండి మాటలాడుకొనుచుంటిమి. మాటల మధ్య నేను, "మా అమ్మాయి కూతురు తన కొలతలిచ్చి ఒక రోడ్డు సైకిలు చేయించుకొందునని అడుగుచున్నది. రెండు లక్షల పాతికవేలు కాగలదట" అంటిని. అంతే, నవ్వులు! ఒకరు, "ఆ సొమ్ముకు బుల్లెట్టు బండి వచ్చును గదండీ!" అనిరి. రెండవవారు, "సైకిలు తొక్కి తొక్కి మనము పైకి వచ్చితిమి. మన పిల్లలు మరల సైకిలెక్కుటయా?" అనిరి. మూడవవారు గొంతు తగ్గించి, "ఆడపిల్ల గదా, ఆ డబ్బుతో బంగారము కొని దాచండి. రేపు పెండ్లికి పనికివచ్చును" అని హితవు చెప్పిరి. నాల్గవవారు మాత్రము నవ్వలేదు. "ఈ చెన్నపట్నపు రోడ్లమీద ఆ పిల్ల క్షేమముగా తిరిగివచ్చునా?" అని అడిగిరి.

ఆనాడు నాకు జవాబు తోచలేదు. నిజము చెప్పవలెనన్న, అప్పటికి నా అభిప్రాయమును వారిదే. ఇంటికి వచ్చి ఒక నోటు పుస్తకము తీసి, నెల దినములు లెక్కలు వేసితిని, తెలిసినవారిని అడిగితిని, మనుమరాలిని ప్రశ్నించితిని. ఇప్పుడు జవాబు చెప్పగలను. అట్టి సైకిలు పెక్కుమందికి అనవసరము. కొందరికి మాత్రము న్యాయమైన ఖర్చు. ఆ కొందరెవరో తేల్చవలసినది లెక్క. మనవారు లెక్క వేయక, నామోషీతో తీర్పు చెప్పుచున్నారు. నా తగవు ఆ నామోషీతోనే.

ముందుగా ఆ వస్తువేమో తెలిసికొందము. రోడ్డు సైకిలనగా మనమెరిగిన నిటారు సైకిలు కాదు. దూర ప్రయాణమునకై తేలికగా చేయబడి, హ్యాండిల్ బారు పొట్టేలి కొమ్ములవలె క్రిందికి వంగి, సన్నని టైర్లతో ఉండునది. దానిపై కూర్చున్నవారు ముందుకు వంగి గంటలకొలది తొక్కుదురు. కావున సీటునకును పెడలునకును, సీటునకును హ్యాండిలునకును గల దూరము అర అంగుళము తప్పినను, ఆ తప్పును నడుము, మెడ, మోకాలు, అరచేయి పంచుకొని భరింపవలసియుండును. అంగడిలో సిద్ధముగా దొరకు సైకిళ్ళు కొలది సైజులలోనే వచ్చును. నడితరపు ఎత్తుగలవారికి వానిలో ఏదో యొకటి సరిపోవును. సీటును ఎక్కించియో దించియో, హ్యాండిలును పట్టియుంచు స్టెమ్మును పొట్టిదిగనో పొడుగుదిగనో మార్చియో చక్కబెట్టుకొనవచ్చును. ఈ దిద్దుబాటు చేసిపెట్టుటకు నేర్పరులును నేడు కలరు. కొలది వేల రూపాయలతో ఆ పని ముగియును.

కొలతకు చేయించుట వేరు. అందు మనిషి కాలి లోపలి పొడవు, మొండెము, చేతులు, భుజముల వెడల్పు కొలుతురు. ఎంత దూరము తొక్కుదురు, నడుము ఎంతవరకు వంగును, పూర్వము దెబ్బలేమైన తగిలినవా అని అడుగుదురు. పిమ్మట పటము గీసి, దాని ప్రకారము ఉక్కు గొట్టములను కోసి, ఒకదానిపై నొకటి అతుకు చోట అర్ధచంద్రాకారముగా చెక్కి, ఇత్తడితోనో వెండి కలిసిన టంకముతోనో అతికింతురు. లేదా వెల్డింగు చేయుదురు. వంకర లేదని బల్లమీద సరిచూచి, రంగు వేసి ఇత్తురు. టైటానియముతోను, కార్బను నారతోను చేయువారును కలరు. వాని ధర మరింత హెచ్చు. మన దేశమున పూణె నగరములో చేతితో ఫ్రేములు చేయు చిన్న కార్ఖానా పని ఈ మధ్యకాలమున వెలసినది.

ఇక మా మనుమరాలి సంగతి. ఆమెకు ఇరువది ఏండ్లు. ఎత్తు నాలుగు అడుగుల పది అంగుళములు, అనగా 147 సెంటీమీటర్లు. సిద్ధముగా దొరకు రోడ్డు సైకిళ్ళలో పెక్కింటికి చక్రములు ఒకే కొలతవి. దానిని 700 కొలత యందురు. పొడుగువారికి అది సరియే. పొట్టివారికై ఫ్రేమును ఎంత చిన్నదిగ చేసినను చక్రము చిన్నది కాదు. అందువలన ముందు చక్రము పాదమునకు మరీ చేరువగును. మలుపు తిప్పునప్పుడు బూటు చక్రమునకు తగులును. దానిని తప్పించుటకై తయారుచేయువారు ముందు భాగమును దూరముగా జరుపుదురు. అప్పుడు పొట్టి చేతులవారు హ్యాండిలును అందుకొనుటకై సాగిలపడవలసివచ్చును. పెడలును మోయు క్రాంకు కడ్డీయు వారి కాలికి మించిన పొడవుండును. మా పిల్ల ఒక సంవత్సరకాలము స్నేహితురాలి పాత సైకిలు తొక్కినది. నూరు కిలోమీటర్లు దాటగనే అరచేతులు తిమ్మిరెక్కుననియు, మెడ పట్టివేయుననియు చెప్పినది. దిద్దుబాటు చేయు నేర్పరికి చూపించినాము. స్టెమ్ము మార్చిరి, సీటు జరిపిరి. కొంత మేలైనది గాని పూర్తిగా కుదరలేదు. "ఫ్రేమే పెద్దది, నేనేమి చేయగలను?" అని వారు చేతులు కడుగుకొనిరి. చిన్న చక్రములు పెట్టి, అన్ని పాళ్ళను తగ్గించి, ఆమె కొలతకు చేసిననే అది సరిపోవును.

పెద్దలు ఇక్కడ, "అంత దూరము ఎందుకు తొక్కవలెను?" అని అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఫ్రాన్సు దేశమున పారిసు నుండి బ్రెస్టు పట్టణమునకు పోయి మరల వచ్చు సైకిలు యాత్ర ఒకటి 1891లో ఆరంభమైనది. నేడది నాలుగేండ్లకొకసారి జరుగుచున్నది. కడపట 2023లో జరిగినది. దూరము 1,200 కిలోమీటర్లు. గరిష్ఠ గడువు 90 గంటలు. దానికి అర్హత పొందుటకు 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు గడువులోపల ముగింపవలెను. 200కు గడువు పదమూడున్నర గంటలు; 600కు 40 గంటలు. ఇవి పందెములు కావు. మొదట వచ్చినవారికి బహుమానము లేదు; గడువులో ముగించిన వారందరును సమానులే. మన చెన్నైనుండియు ఇట్టి యాత్రలు జరుగుచున్నవి. మా పిల్ల ఆ పాత సైకిలుపైననే 200 ముగించినది. పదమూడు గంటలు పట్టినది. మరునాడు ఆమె చేతితో అన్నము కలుపుకొనలేకపోయినది. మా ఇంటావిడ ముద్దలు కలిపి పెట్టినది. పిల్ల సరదా పడుచున్నదని అంతవరకు అనుకొనుచుండిన నేను, ఇది సరదా కాదని ఆనాడు గ్రహించితిని.

ఆ తిమ్మిరి నాకు తెలియని బాధ కాదు. నేను 1977లో ఉద్యోగమున చేరి, మొదటి మూడు నెలల జీతములో మిగిల్చిన సొమ్ముతో ఒక సైకిలు కొంటిని. అంగడి పేరు చెప్పను. ఆనాడు సైకిలు ఫ్రేములు 22, 24 అంగుళముల సైజులలో ఎక్కువగా వచ్చుచుండెను. నేను ఐదడుగుల రెండంగుళములవాడను. 22 సైజు కావలెనని అడుగగా అంగడివారు, "22 స్టాకు లేదు, ఇదే తీసికొనుడు, అలవాటైపోవును" అని 24 అంటగట్టిరి. సీటును అడుగంట దించినను పెడలు క్రిందికి పోయినప్పుడు నా పాదము అందెడిది కాదు. నడుమును ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఊపుచు తొక్కుచుంటిని. పెరంబూరు నుండి ప్యారీస్ కార్నరుకు రానుపోను రమారమి 14 కిలోమీటర్లు, ఏటికి 300 దినములు, ఇరువదిరెండు సంవత్సరములు. హెచ్చవేసి చూడుడు: 92,400 కిలోమీటర్లు. 1999లో నడుము నొప్పి భరింపలేక సైకిలు విడిచి రైలెక్కితిని. వైద్యుడు నన్ను మొదట అడిగిన ప్రశ్న, "ఏ ఎత్తు సైకిలు తొక్కితివి?" అనునదే. అలవాటైపోవునన్న మాట నిజమే. అలవాటైనది నాకు కాదు, నొప్పికి.

కాబట్టి మొదటి పెద్దమనిషికి నా జవాబిది. బుల్లెట్టు ధరతో సైకిలు ధరను పోల్చుట ధర్మము కాదు. మోటారు బండిని ఇంజను లాగును. దానిపై మనిషి సామానువలె కూర్చుండును. సైకిలునకు మనిషియే ఇంజను. ఇంజనునకు సరిపోని బండిని ఏ కార్ఖానాయు చేయదు. మనిషికి సరిపోని సైకిలు మాత్రము చవుకగ వచ్చినదని కొనుమందుము!

అయినను మనకు కొలతల విలువ తెలియక కాదు. పెండ్లి రవికకు ఎన్నిసార్లు దర్జీయొద్దకు పోవుదుము? రవిక ఖరీదుకన్న దానిపై మగ్గము పనికి హెచ్చు ఇచ్చుట లేదా? గాజులకు మణికట్టు కొలిపింతుము, వడ్డాణమునకు నడుము కొలిపింతుము. ఒకే పనస మ్రానునుండి తొలిచి చేయు బొబ్బిలి వీణను, మన సంఘములోనే ఒక కుటుంబమువారు చెప్పి చేయించి తెప్పించిరి. అది ఇంటికి వచ్చిననాడు అందరమును పోయి చూచితిమి, మెచ్చితిమి. "ఇంత సొమ్ము ఎందుకు? అంగడిలో చవుక వీణ దొరకదా?" అని ఒక్కరైనను అడిగిరా? అడుగలేదు. ఏలయన వీణ మర్యాద వస్తువు. సైకిలు మాత్రము పాలవానిది, పేపరు కుర్రవానిది, గుమాస్తాది. మన అభ్యంతరము ధరపైన కాదు. ఆ వస్తువునకు ఆ ధర పెట్టుట మనకు చిన్నతనముగ తోచుచున్నది. పొదుపు అని మనము పిలుచుచున్నదాని అసలు పేరు నామోషీ.

రెండవ పెద్దమనిషి మాటయు దీనికి చేరినదే. సైకిలునుండి పైకి వచ్చితిమట! మనము పైకి వచ్చినది సైకిలునుండి కాదు, సైకిలు వలన. ఈ నగరమును సైకిలును వేరుచేసి చూడవీలు లేదు. మురుగప్ప కుటుంబమువారు బ్రిటను దేశపు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థతో చేరి, 1949లో టీఐ సైకిల్స్ ఆఫ్ ఇండియాను స్థాపించి, అంబత్తూరులో కార్ఖానా పెట్టిరి. 1955లో ఆవడిలో ఉక్కు గొట్టముల కార్ఖానా వచ్చినది. అదే సంవత్సరము పెరంబూరున రైలు పెట్టెల కార్ఖానా ఆరంభమైనది. దాని గేటు ముందు తెల్లవారుజామున బారులు తీరిన సైకిళ్ళను చూచుచునే నేను పెరిగితిని. ఆ సైకిళ్ళమీద పోయినవారిలో మన తెలుగువారెందరో కలరు. వారి జీతములతోనే పిల్లలు ఇంజనీర్లైరి. ఆ పిల్లల పిల్లలే నేడు కార్లలో మన సంఘమునకు వచ్చుచున్నారు.

ఇంకొక సంగతి వినుడు. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ అను నతడు 1897లో ఒక పేటెంటు పొందెను. అతుకు పడు చివరలు దళసరిగను, నడుమ పలుచగను ఉండునట్లు గొట్టమును చేయు ఉపాయమది. బలము తగ్గకుండ బరువు తగ్గును. 1935లో ఆ సంస్థవారు 531 అను పేర వెలువరించిన ఉక్కు గొట్టములు చేతిపని ఫ్రేములకు ప్రపంచమంతట పేరు తెచ్చినవి. ఆ రేనాల్డ్స్ సంస్థ ఆనాడు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కూటమిలోనిదై యుండెను. అంబత్తూరు కార్ఖానాకు చేయూతనిచ్చినదియు ఆ కూటమియే. కాగా ఉక్కు గొట్టముతో మంచి సైకిలు చేయించుకొనుట మన ఊరికి కొత్తగ వచ్చిన పిచ్చి కాదు. ఈ ఊరివారు డెబ్బదియేండ్లకు పైగా తిన్న అన్నము అది.

ఇప్పుడు గుమాస్తా లెక్క. కొలతకు చేయించిన సైకిలునకు మాకు చెప్పిన వివరము ఇది: ఫ్రేమునకు 1,10,000 రూపాయలు; గేర్లు, బ్రేకులకు 60,000; చక్రములకు 35,000; మిగిలిన సామానునకు 20,000; మొత్తము 2,25,000. అదే తరగతి సామాను గలిగి సిద్ధముగా దొరకునది 75,000కు వచ్చునని వేసికొందము. తేడా 1,50,000. టైర్లు, చైనులు, బ్రేకు దిమ్మలు మున్నగు అరుగుదల రెంటికిని ఒకటే గనుక దానిని విడిచిపెట్టుచున్నాను. ఉక్కు ఫ్రేము జాగ్రత్తగా చూచుకొనిన ఇరువది ఏండ్లు నిలుచును. మా పిల్ల ఏటికి 5,000 కిలోమీటర్లు తొక్కుచున్నది. ఇరువది ఏండ్లకు లక్ష కిలోమీటర్లు. లక్షన్నర రూపాయల తేడాను లక్ష కిలోమీటర్లకు పంచిన, కిలోమీటరునకు రూపాయిన్నర. మెడ పట్టకుండుటకు, చేయి తిమ్మిరెక్కకుండుటకు కిలోమీటరునకు రూపాయిన్నర హెచ్చా? నేను 92,400 కిలోమీటర్లు తొక్కి నడుము పోగొట్టుకొన్నవాడను. నన్నడిగిన హెచ్చు కాదందును.

అయితే అదే లెక్కను త్రిప్పి చూడుడు. ఆదివారము ఉదయము తొమ్మిది పది కిలోమీటర్లు తొక్కి, కాఫీ త్రాగి ఇంటికి వచ్చువారు ఏటికి 500 కిలోమీటర్లు తొక్కుదురేమో. ఇరువది ఏండ్లకు 10,000. అప్పుడు అదే తేడా కిలోమీటరునకు పదునైదు రూపాయలు! అందునను వారు నడితరపు ఎత్తువారైనచో, సిద్ధముగా దొరకునదే సరిపోవును గనుక, ఆ పదునైదు రూపాయలకు ఫలమేమియు లేదు. వస్తువొక్కటే, ధరయొక్కటే. ఒకరికి న్యాయము, ఇంకొకరికి దుబారా. ధర చూచి తీర్పు చెప్పువారు ఈ రెంటికి భేదమును ఎన్నటికిని కనుగొనలేరు.

ఇంతవరకు పెద్దలను కోపించితిని. యువకులను విడిచిపెట్టిన పక్షపాతమగును. నాయనలారా! మీరు ఈ సైకిలును "ఇన్వెస్ట్‌మెంటు" అని పిలుచుచున్నారు. ఆ మాట విడువుడు. మదుపు అనగా అసలు తిరిగివచ్చి, పైన కొంత కూడునది. కొలతకు చేయించిన సైకిలు మీ కొలతదే, ఇంకొకరికి సరిపోదు. అందుచేత అమ్మబోయిన సిద్ధపు సైకిలునకు వచ్చు పాటి ధరయు రాకపోవచ్చును. కొన్నదినమే అది ఖర్చు పద్దున వ్రాయవలసిన వస్తువు. ఖర్చును ఖర్చని ఒప్పుకొని, తగిన ఖర్చని నిరూపింపుడు; తండ్రులు వినెదరు. మదుపని చెప్పి మోసగింపకుడు.

మరియు మీలో కొందరు తొక్కకముందే చేయించుకొనుచున్నారు. రంగు ఎంచుకొనుటకు నెల, గొట్టముపై పేరు చెక్కించుటకు నెల. సైకిలు వచ్చిన పిమ్మట అది గోడకు వ్రేలాడును. తానెట్లు తొక్కునో తనకే తెలియనివాని కొలత ఎవరు తీయగలరు? శరీరము తొక్కగా తొక్కగా మారును. మొదటి యేడు వంగని నడుము రెండవ యేట వంగును. కావున నా నోటు పుస్తకములో నాలుగు నిబంధనలు వ్రాసికొంటిని. ఒకటి: ఎరువు సైకిలుమీదనో, చవుక సైకిలుమీదనో ఏడాది తొక్కియుండవలెను. రెండు: నేర్పరిచేత దిద్దించి చూచి, కుదరదని తేలియుండవలెను. మూడు: సొమ్ము అప్పు చేసి తేరాదు, నెలసరి వాయిదాల మాట ఎత్తరాదు. నాలుగు: రేపు వంగినను విరిగినను మరల చేసి ఇచ్చునట్టి మనిషిచేతనే, మరమ్మతునకు లొంగు ఉక్కుతోనే చేయించవలెను. మన ఊరిది సముద్రపు గాలి. ఉక్కునకు అది శత్రువు. గొట్టముల లోపల తుప్పు పట్టకుండ పూత పూయించుట మరువరాదు. మా మనుమరాలు ఈ నాలుగింటికిని నిలిచినది. నిలువకపోయినచో నేనును ఆ నలుగురితో కలిసి నవ్వియుందును.

మూడవ పెద్దమనిషి బంగారము మాట చెప్పిరి. వారియందు నాకు గౌరవము కలదు. వారు కీడు తలచి అన్నమాట కాదది. కాని ఆడపిల్ల సొమ్మనగనే మనకు పెండ్లి తప్ప వేరొకటి ఏల తోచదు? 1990ల తొలి సంవత్సరములలో మన రాష్ట్రమందలి పుదుక్కోట్ట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము జరిగినప్పుడు, ఆనాటి కలెక్టరు షీలా రాణి చుంకత్ గారి ప్రోత్సాహముతో, వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొనిరి. కూలి చేసికొనువారు, రాళ్ళు కొట్టువారు కూడ ఒకరి తోడు లేక తమ పనికి తామే పోగలిగిరి. ఊరివారు వెక్కిరించిరి, వారు దిగలేదు. ముప్పదియేండ్ల క్రిందట పల్లెటూరి కూలి స్త్రీకి దక్కిన ఆ స్వతంత్రమును, పట్టణమున కాలేజీ చదువుచున్న మన పిల్లకు వలదందుమా? బంగారము పెట్టెలో ఉండును, ధర పెరుగును, అది నిజము. దాని పద్దు వేరు. మా ఇంటావిడ తన మనుమరాలికని ఎత్తియుంచిన గాజులు ఎత్తియుంచినట్లే యున్నవి. వానిని నేను ముట్టలేదు.

మిగిలినది నాల్గవవారి ప్రశ్న. నలుగురిలో జవాబు చెప్పలేనిది అదొక్కటే. మా పిల్ల తెల్లవారుజామున నాలుగున్నరకు దీపములు బిగించుకొని, హెల్మెట్టు పెట్టుకొని, తోటివారితో గూడి మహాబలిపురపు దారిని బయలుదేరును. ఆమె ఫోను వచ్చువరకు నేను కాఫీ త్రాగను. లారీ వెనుకనుండి వచ్చిన, రెండు లక్షల సైకిలును రెండు వేల సైకిలును దానికి ఒక్కటే. ఈ భయమును దాచుకొని వాదించుట నాకు చేతకాదు. కాని ఇది సైకిలు తప్పు కాదు, రోడ్డు తప్పు. చెన్నై నగరపాలక సంస్థవారు 2014లో నడకకును సైకిలునకును ప్రాధాన్యమిచ్చు మోటారు రహిత రవాణా విధానమును ఆమోదించిరి. కాగితముమీది ఆ మాటను వీథిలోనికి తెప్పించుటకు మనమేమి చేసితిమి? మన సంఘమువారు సన్మానములకై మంత్రులను కలిసికొందురు. సైకిలు బాటకై ఒక్క అర్జీ వ్రాసితిమా? రోడ్డు భయము చెప్పి పిల్లలను ఇంట కూర్చుండబెట్టుట సులువు. ఆ పెద్దమనిషి ఒప్పుకొనినచో, అర్జీ ముసాయిదా నేను వ్రాసెదను. మొదటి సంతకము వారు చేయుదురు గాక.

ఇక ముగించెదను. మనము ఈ నగరమున తరతరములుగా స్థిరపడినవారము. పిసినారులము కాము. ఒక్క రాత్రి పందిటి దీపాలంకారమునకు ఎంత ఖర్చు పెట్టుదుమో మనకు తెలియును. తెల్లవారగనే ఆ దీపములను విప్పి లారీలో వేసికొని పోవుదురు. ఆ ఖర్చునకు లెక్క అడిగినవాడు లేడు. ఇరువది ఏండ్లు నిలుచు వస్తువును, ఒక పిల్ల తన కాలిబలముతో నడుపు వస్తువును అడిగిననాడు మాత్రము అందరమును గుమాస్తాలమైతిమి! సరే, గుమాస్తాలమే అగుదము; కాని సరియైన గుమాస్తాలమగుదము. ఒక వస్తువును పిల్లలు అడిగినప్పుడు మొదట ధర అడుగకుడు. ఎంత వాడెదవు, ఇంతకు తక్కువదానితో ఏల జరుగదు అని అడుగుడు. జవాబు సరిగ లేనిచో ఐదు వేలదైనను కొనిపెట్టవలదు. సరిగనున్నచో, నలుగురు నవ్వుదురని వెనుదీయవలదు.

గడచిన నెలలో నా ఫిక్సెడు డిపాజిటు ఒకటి గడువు తీరినది. అందులో లక్షన్నర మా మనుమరాలికి ఇచ్చితిని; మిగిలిన డెబ్బదియైదువేలు ఆమె ట్యూషనులు చెప్పి కూడబెట్టుకొన్నది. అనగా సిద్ధపు సైకిలు వెల ఆమెది. కొలతకైన తేడా నాది. కొలతలు తీసికొనునాడు నన్నును వెంట తీసికొనిపోయినది. ఆ పనివాడు ఆమె కాలి కొలత, చేతి కొలత తీసి, కాగితముమీద వ్రాసికొని, రెండవమారు మరల కొలిచి సరిచూచెను. నేను చేరువనే నిలుచుండి చూచితిని. నలుబదియెనిమిది సంవత్సరముల క్రిందట నాకును ఎవరైన ఒక్కమారు అట్లు టేపు పట్టి చూచియున్న బాగుండెడిదని తోచినది. "తాతయ్యా, మీ కొలతయు తీయించెదనా?" అని పిల్ల నవ్వుచు అడిగినది. వలదంటిని. నా లెక్క ఎప్పుడో ముగిసినది. ఆమెది ఇప్పుడే మొదలగుచున్నది.